రెండు వారాలకే మొద్దుబారిన కొత్త ఉలులు: లక్క బొమ్మల షెడ్‌లో ఒక కేసు

ఇరవై రెండేళ్లు టూల్‌రూమ్‌లో గ్రైండర్ మీద పని చేశాను. రిటైరయ్యాక చిన్న వర్క్‌షాపులకు వెళ్లి పనిముట్ల పదును, గ్రైండర్ల బాగోగులు చూస్తున్నాను. ఇనుము కోసే టూల్స్ నాకు కొట్టిన పిండి. చెక్క తిప్పే ఉలుల సంగతి మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నాను. అందులో సగం ఈ కేసులో తప్పులు చేసి నేర్చుకున్నదే. షెడ్ నడిపే ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనుషులెవరో, ఊరేదో తెలిసే వివరాలు తీసేశాను.

నేపథ్యం

ఉత్తరాంధ్రలో లక్క పూత చెక్క సామాను చేసే షెడ్ ఇది. లక్క బొమ్మలనగానే వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకే గుర్తొస్తుంది. 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. ఈ షెడ్ ఆ ఊళ్లో ఉందనీ చెప్పను, లేదనీ చెప్పను. పని పద్ధతి మాత్రం అదే. ఆరబెట్టిన అంకుడు కర్రను ముక్కలు కోసి, లేత్ మీద తిప్పుతూ ఉలితో రూపు తెస్తారు. తిరుగుతున్న ముక్కకే రంగు కలిపిన లక్క కడ్డీ ఒత్తితే ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. లక్క పొర చాలా పలచన. ఉలి చెక్కను కోయకుండా పీకితే ఆ పీకిన చోట లక్క సమంగా పట్టదు, మచ్చ పడుతుంది. రంగు వేసి కప్పేద్దామంటే కుదిరే పని కాదిది.

ఎనిమిది మోటార్ లేత్‌లు, తొమ్మిది మంది పనివాళ్లు. కుంకుమ భరిణెలు, బొంగరాలు, చంటిపిల్లల గిలక్కాయలు చేస్తారు. ఉలులు చాలావరకు ఊరి కమ్మరి కొట్టిచ్చినవే. కొన్ని లారీ కమాను పట్టీల నుంచి, కొన్ని అరిగిపోయిన ఆకురాళ్ల, అంటే ఇనుము రాసే ఫైళ్ల, నుంచి చేశాడు. ఆయన పోయి, కొలిమి మూతపడి నాలుగేళ్లయింది. ఈ మాట మొదటిరోజే విన్నాను గానీ పట్టించుకోలేదు.

గ్రైండర్ ఒక్కటే. అర హెచ్‌పీ మోటారు, రెండు వైపులా ఆరంగుళాల రాళ్లు. ప్లేటు మీద 2,850 ఆర్‌పీఎం అని ఉంది. అంటే రాయి అంచు సెకనుకు 22 మీటర్లు పైగా పరిగెడుతుందన్నమాట. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ వేగంలో సన్నటి వాదరను రెండు సెకన్లు గట్టిగా ఒత్తితే చాలు, మొన నీలం తిరగడానికి.

ఫిర్యాదు

“అన్నయ్యగారూ, ఉలి నాలుగు భరిణెలకు కూడా ఆగట్లేదండి” అని ఫోన్ చేసింది షెడ్ నడిపే ఆవిడ. ఒకప్పుడు పొద్దున పదును పెడితే మధ్యాహ్నం భోజనాల దాకా వచ్చేదట. ఇప్పుడు గ్రైండర్ దగ్గర క్యూ. మచ్చలు పడి పక్కన పెట్టే సరుకు పెరిగింది. కుర్రవాళ్లలో ఇద్దరికి ఉలి కరిచి, అంటే చెక్కలో గబుక్కున దిగబడి, ముక్క ఎగిరిపోవడం మొదలైంది. ఒకడికి చెంప మీద దెబ్బ తగిలింది.

ఆవిడ అనుమానం కర్ర మీద. ఆ ఏడు కర్ర సరిగా ఆరకముందే వాడాల్సి వచ్చిందట. కుర్రవాళ్ల అనుమానం ఉక్కు మీద. కమ్మరి పోయాక ఉలులు ఎవరో ఏదో కొట్టిస్తున్నారు, పాత ఉక్కు కాదిది అన్నారు.

మొదట కర్ర సంగతి తేల్చుకుందామనుకున్నాను. ఇంటి దగ్గర పదును పెట్టుకుని సంచిలో తెచ్చుకున్న నా గౌజ్, అంటే గాడి ఉన్న ఉలి, తీసి అదే గుట్టలోంచి మూడు ముక్కలు తిప్పించాను. మూడూ నున్నగా వచ్చాయి. అదే లేత్ మీద, అదే మనిషి చేతిలో, వాళ్ల గౌజ్ చెక్కను పీకింది. కర్ర నిర్దోషి అని పది నిమిషాల్లో తేలింది. మనిషినీ, లేత్‌నూ మార్చకుండా ఉలిని మాత్రం మార్చి చూడటం వల్లే అంత త్వరగా తేలింది. నేనే తిప్పి చూపించి ఉంటే “మీ చెయ్యి వేరు గురువుగారూ” అనేసేవాళ్లు.

తర్వాత ఉక్కు. సన్న ఆకురాయి తీసుకుని ఒక్కో ఉలి మీద రెండు చోట్ల గీసి చూశాను. మొనకు అంగుళంన్నర వెనక ఆకురాయి జారిపోయింది, అంటే అక్కడ ఉక్కు గట్టిగానే ఉంది. వాదర దగ్గర మాత్రం గీరుకుపోయింది. ఉక్కు మంచిదే, మొన టెంపర్, అంటే కొలిమిలో తెచ్చిన గట్టిదనం, పోయింది. కార్బన్ స్టీలుకి సుమారు 300 డిగ్రీల దగ్గర నీలం వస్తుంది, అప్పటికే గట్టిదనం చాలా దిగిపోయి ఉంటుంది. “నీలం వస్తే మళ్లీ పట్టి తీసేస్తాం కదండీ” అన్నాడో కుర్రాడు. నీలం పైన పట్టిన పొర. అది పోయినా కింద మెత్తబడిన ఉక్కు అలాగే ఉంటుంది. దాన్నే వాళ్లు పదునైన మొన అనుకుని లేత్ మీదికి తీసుకెళ్తున్నారు.

ఇక్కడి దాకా నేను చూసింది సరిగ్గానే ఉంది. తర్వాత వేసిన అడుగే తప్పు.

మొదటి ప్రయత్నం, నా పొరపాటు

కార్బన్ స్టీలు గ్రైండర్ వేడికి తట్టుకోవట్లేదు కాబట్టి వేడికి తట్టుకునే ఉక్కు తెస్తే సరిపోతుందనుకున్నాను. హైస్పీడ్ స్టీలు, మనం హెచ్‌ఎస్‌ఎస్ అనేది, 500 డిగ్రీలు దాటినా గట్టిదనం పోగొట్టుకోదు. ఐదు హెచ్‌ఎస్‌ఎస్ ఉలులు కొనిపించాను. చిన్న షెడ్‌కి అది చిన్న ఖర్చేమీ కాదు.

తెచ్చిన రోజు ఐదింటినీ రాయికి ఆనించి నిప్పురవ్వలు చూశాను. హెచ్‌ఎస్‌ఎస్ రవ్వలు ముదురు నారింజ రంగులో, పొట్టిగా, చిటపటలు లేకుండా రాలతాయి. కార్బన్ స్టీలైతే తెల్లగా, కాకరపువ్వొత్తిలా చీలి పువ్వులు పూస్తుంది. నాలుగు నారింజ రవ్వలిచ్చాయి. ఐదోది పువ్వులు పూసింది. పిడి దగ్గర హెచ్‌ఎస్‌ఎస్ అని ముద్ర మాత్రం ఐదింటికీ ఉంది. దాన్ని వాపసు చేయించాం, కొట్టువాడు గొడవ పడకుండానే తీసుకున్నాడు. రవ్వల కోసం రాయి ముందు అంతసేపు నిలబడి కూడా రాయి వంక చూడలేదు నేను. అదీ నా తెలివి.

రెండు వారాలు అంతా బాగానే ఉందన్నారు. కొత్త ఉలులు మంచి రాయి మీద కంపెనీలో పదును పెట్టుకుని వచ్చాయి కాబట్టి బాగున్నాయంతే. షెడ్ గ్రైండర్ మీదికి నాలుగైదుసార్లు ఎక్కేసరికి పాత కథ మళ్లీ మొదలైంది. పైగా ఇంకో తగులాటం. కార్బన్ స్టీలుకు అలవాటైన చేతులతో హెచ్‌ఎస్‌ఎస్ ఉలిని కూడా కాలిపోయేంత వేడెక్కించి గబుక్కున నీళ్లలో ముంచేవాళ్లు. కార్బన్ స్టీలును మాటిమాటికీ నీళ్లలో ముంచి, అసలు వేడెక్కనివ్వకుండా పట్టాలి. బాగా వేడెక్కిన హెచ్‌ఎస్‌ఎస్‌ను నీళ్లలో ముంచితే కంటికి కనపడని పగుళ్లు పడి వాదర పొడిపొడిగా రాలుతుంది. గాలికి చల్లారనివ్వాలి. ఈ తేడా ఉలులు చేతికిచ్చిన రోజే చెప్పాల్సింది. చెప్పలేదు.

మళ్లీ మొదటికి

రెండోసారి వెళ్లినప్పుడు ఉలులు ముట్టుకోలేదు. ప్లగ్ పీకించి, రాయి మీద వేలు పెట్టాను. కడప బండలా నున్నగా ఉంది. టార్చి వేస్తే మెరిసింది. గరుకు కణాలన్నీ మొద్దుబారి, మధ్య సందులు నల్లగా పూడిపోయాయి. అక్కడక్కడా వెండి రంగు చారలున్నాయి. అడిగితే బయటపడింది: ఆ గ్రైండర్ ఊరందరిదీనట. కిటికీలు చేసేవాడు అల్యూమినియం చువ్వలు పడతాడు, ఎవరో సైకిలు ఇరుసు పడతారు, మేకుల మొనలు పడతారు. అల్యూమినియం మెత్తన, రాయి సందుల్లోకి దూరి అతుక్కుంటుంది. రాయి కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది. అలా పూడిన రాయి వేడెక్కితే పగిలే ప్రమాదమూ ఉంది.

అప్పుడు గొలుసంతా అర్థమైంది. రాయి కోయట్లేదు కాబట్టి మనిషి గట్టిగా ఒత్తుతున్నాడు. ఒత్తితే వేడి. కార్బన్ స్టీలైతే మెత్తబడుతుంది. హెచ్‌ఎస్‌ఎస్ మెత్తబడదు గానీ, ఒత్తిన చెయ్యి వణికి బెవెల్ మీద, అంటే వాదర వెనకున్న ఏటవాలు ముఖం మీద, నాలుగైదు పలకలు పడతాయి. పలకలు పడిన గౌజ్ చెక్క మీద ఆనదు, ఆనకపోతే కరుస్తుంది. “వేడెక్కుతోంది” దగ్గర ఆగిపోయి “ఎందుకు వేడెక్కుతోంది” అని ఒక్క ప్రశ్న వేసుకోకపోవడంతో నాలుగు ఉలుల డబ్బు వృథా అయింది. అవి తర్వాత పనికొచ్చాయి, అది వేరే సంగతి.

రాయిని డైమండ్ డ్రెస్సర్‌తో గీకితే పై పొర రాలి కొత్త కణాలు బయటపడతాయి. గీకాను. కోత వచ్చింది గానీ రాయి గుండ్రంగా లేదు, ఎంత గీకినా ఎగిరెగిరి తిరుగుతోంది. విప్పి చూస్తే రాయికీ, దాన్ని రెండు వైపులా బిగించే ఫ్లాంజ్ బిళ్లలకూ మధ్య ఉండాల్సిన అట్ట వాషర్లలో ఒకటి లేదు. ఆ రాయిని ఇంక నమ్మలేదు. ఒకవైపు తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి, 80 గ్రిట్ (కణాల సైజు), కె గ్రేడు (కాస్త మెత్తటి కూర్పు) వేయించాను. తెల్లరాయి బూడిదరంగు రాయి కంటే త్వరగా పొడి రాలుస్తుంది. త్వరగా అరుగుతుందని తిట్టుకునేది దాన్నే గానీ, ఆ అరుగుదల వల్లే ఎప్పుడూ కొత్త కణాలు పైన ఉంటాయి, ఉలి చల్లగా ఉంటుంది. బిగించే ముందు రాయిని వేలికి తగిలించి స్క్రూడ్రైవర్ చెక్క పిడితో కొట్టి విన్నాం. ఖంగుమంది. పగులుంటే మొద్దుగా మోగేది. బిగించాక అందరినీ పక్కకు పంపి, నేనూ పక్కన నిలబడి, ఒక నిమిషం ఖాళీగా తిప్పాం. ఉలి ఆనించే టూల్ రెస్టుకూ రాయికీ సందు 3 మి.మీ. మించకుండా పెట్టాను. అంతకుముందు ఆ సందులో నా బొటనవేలు పట్టింది.

రెండో ఖర్చు ఇక్కడే పెట్టబోయాం. ఎనిమిదంగుళాల రాయితో, సగం వేగంతో తిరిగే స్లో స్పీడ్ గ్రైండర్ కొందామా అని ఆవిడ అడిగింది. అది మంచి మెషీనే, వద్దనడానికి లేదు. కానీ డ్రెస్సింగ్ చేయని రాయి నెమ్మదిగా తిరిగినా నున్నగానే ఉంటుంది. ఉన్నదాన్ని బాగు చేసి చూశాక కొందామన్నాను. ఇంతవరకు కొనలేదు.

జిగ్ కథ

రాయి బాగుపడ్డాక వేడి సమస్య పోయింది, పలకల సమస్య మిగిలింది. ఒక్కొక్కరు ఒక్కో కోణంలో పడుతున్నారు, ఒకే మనిషి కూడా పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా. దీనికి నాకు తెలిసిన మందు జిగ్. ఉలిని ఒక బిగింపులో పెట్టి, ఎప్పుడూ అంతే పొడవు బయటికి ఉంచి, ఒకే కోణంలో ఊపేది. తెచ్చి బిగించాను, అందరికీ చూపించాను.

మూడు రోజుల తర్వాత అది గోడకు మేకు మీద వేలాడుతోంది.

కోపమొచ్చింది గానీ కూర్చుని చూస్తే తప్పు వాళ్లది కాదు. జిగ్ గుండ్రటి, నిటారు కాడలున్న ఉలుల కోసం చేసింది. కమ్మరి కొట్టిన ఉలి కాడ పైన పలక, కింద గుండ్రం, మధ్యలో ఓ వంపు. బిగిస్తే జారిపోతుంది. ఒక్కో ఉలి బిగించి కొలత చూసుకోవడానికి ఐదు నిమిషాలు. పీసుకింతని కూలి తీసుకునేవాళ్లు ఐదు నిమిషాలు ఎందుకు ఆగుతారు?

అప్పుడే షెడ్ మూలన పని చేసే పెద్దాయన మీద కన్ను పడింది. ఆయన క్యూలో ఎప్పుడూ కనపడలేదు. లేత్‌ని ఇప్పటికీ తరిమెన అంటాడు. ఆయన ఉలులన్నీ కమ్మరివే, అన్నీ పొడుగ్గా ఉన్నాయి. పక్కనున్న కుర్రాడి గౌజ్ అరచెయ్యంత మిగిలింది. అడిగితే నవ్వాడు. “ఆ మర దగ్గరికెల్తే ఉలి తరిగిపోద్ది బాబూ. కమ్మరోడు లేడు గదా, మల్లీ ఎవుడు కొడతాడు?” పక్కనే గిన్నెలో నీళ్లు, అందులో అరచెయ్యంత సానరాయి. ఇరవై, ముప్పై నిమిషాలకోసారి లేత్ ఆపకుండానే ఉలిని ఒళ్లో పెట్టుకుని వాదర మీద రాయిని నాలుగైదుసార్లు ఆడిస్తాడు. గ్రైండర్ దగ్గరికి వెళ్లేది వారానికి ఒకసారి, అదీ పొద్దున్నే, అల్యూమినియం వాడు రాకముందే.

ఆయన ఉలుల కోణాలు కొలిచాను. పుస్తకాల్లో ఇలాంటి పనికి వాడే స్పిండిల్ గౌజ్‌కి 45 డిగ్రీల దాకా చెబుతారు. ఆయనది 40కి కాస్త తక్కువ. స్క్యూ, అంటే మొన ఏటవాలుగా ఉండే చదును ఉలి, రెండు వైపులా ఇరవయ్యేసి. అంకుడు మెత్తటి, సన్నటి పోగుల కర్ర కాబట్టి కాస్త పదునైన కోణం దానికి తట్టుకుంటుంది, కోత శుభ్రంగా వస్తుంది. నా పుస్తకం కోణాలు పక్కన పెట్టి ఆయన కోణాలే షెడ్ మొత్తానికి ఖాయం చేశాను. ఒకటి, అవి ఆ కర్ర మీద ఏళ్ల తరబడి పని చేసి చూపించాయి. రెండు, “పెద్దాయన కోణం” అంటే కుర్రవాళ్లు మారు మాట్లాడరు.

పని చేసినవి

కోణం నిలబెట్టడానికి జిగ్ బదులు చెక్క ముక్కలు చేసుకున్నాం. టూల్ రెస్టు స్థానంలో వంచగలిగే చిన్న ప్లాట్‌ఫామ్ బిగించాం. ఒక్కో కోణానికి ఒక అంకుడు చెక్క గేజ్. దాన్ని ప్లాట్‌ఫామ్ మీద పెట్టి రాయికి ఆనించి, రెండు చోట్లా సందు లేకుండా ఆనే దాకా ప్లాట్‌ఫామ్ వంచి బిగించడమే. రాయి అరిగినా గేజ్ రాయినే ఆనుతుంది కాబట్టి కోణం పెద్దగా మారదు. ఉలి కాడ వంకరైనా ఇబ్బంది లేదు, బిగించే పని లేదు, చేత్తో ప్లాట్‌ఫామ్ మీద ఆనించడమే. గౌజ్‌ గేజ్‌కి ఎరుపు, స్క్యూకి పసుపు, గీకే ఉలి స్క్రేపర్‌కి ఆకుపచ్చ లక్క వాళ్లే పట్టించారు. నేను మామూలు చెక్క ముక్క చేస్తే పోయేది ఎక్కడికో. మెరిసే లక్క ముక్కను ఎవరూ పొయ్యిలో పెట్టరు.

తర్వాతది మార్కర్ పెన్ను. బెవెల్ మొత్తం నల్లగా రంగు పూసి, రాయిని చేత్తో తిప్పుతూ ఉలిని తాకించి చూడటం. రంగు మడమ (బెవెల్ వెనక అంచు) దగ్గర పోతే పిడి ఎత్తాలి, మొన దగ్గరే పోతే దించాలి, మధ్యలో చారలా పోతే సరిగ్గా ఉన్నట్టు. కుర్రవాళ్లకు ఇది ఆటలా తోచింది, జిగ్ కంటే వందరెట్లు త్వరగా నేర్చుకున్నారు.

ఎప్పుడు ఆపాలో తెలియకపోవడమే వాళ్ల ఉలులు పొట్టివవడానికి అసలు కారణం. పదునొచ్చిందో లేదో తెలియక ఇంకాస్త, ఇంకాస్త అని పట్టేవాళ్లు. దీనికి రవ్వలనే చూడమన్నాను. రాయి ఇంకా వాదర దాకా రాకపోతే రవ్వలన్నీ ఉలి కిందికే పోతాయి. వాదరను చేరిన క్షణాన కొన్ని రవ్వలు ఉలి పైముఖం మీదికి ఎక్కి వస్తాయి. అవి కనపడగానే తీసేయాలి. ఆ తర్వాత పట్టేదంతా దండగే. ఒక సాయంత్రం షట్టర్ సగం దించి, చీకట్లో ఒక్కొక్కరి చేత పట్టించి చూపించాను. కంటద్దాలు పెట్టుకుని, మెడలో తువ్వాళ్లు తీసేయించి. తిరిగే రాయి దగ్గర మెడలో తువ్వాలు ఉంచుకునే మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ టెన్షనే.

పదును చూసే పద్ధతి కూడా మార్చాం. బొటనవేలు వాదర మీద పెట్టి చూసేవాళ్లు. బదులుగా బల్బు కింద పట్టి చూడమన్నాను. మొద్దు వాదర వెలుగులో సన్నటి తెల్ల గీతలా మెరుస్తుంది. నిజంగా పదునుంటే గీతే కనపడదు. ఎక్కడ చుక్కలా మెరిస్తే అక్కడ ఇంకా పట్టాలి.

ఇక పెద్దాయన సానరాయి. గుండ్రటి రాయి మీద పట్టిన బెవెల్ మధ్యలో కాస్త లోపలికి గుల్లగా వస్తుంది. దాని మీద బల్లపరుపు సానరాయి పెడితే మడమనూ వాదరనూ మాత్రమే ఆనుతుంది. కోణం వెతుక్కోనక్కర్లేదు, రాయే కూర్చుంటుంది. అందుకే ఆయన ఒళ్లో పెట్టుకుని, చూడకుండా నూరగలుగుతున్నాడు. రూపు గ్రైండర్‌తో, పదును సానరాయితో అని పని విడదీశాం. నెల తిరిగేసరికి ఒక్కో ఉలి గ్రైండర్ దగ్గరికి రోజుకు ఒకసారి, కొన్నయితే రెండు రోజులకోసారి వెళ్తున్నాయి. భరిణెల మీద మచ్చలు పూర్తిగా పోలేదు గానీ, పక్కన పెట్టే బుట్ట సాయంత్రానికి నిండటం మానింది.

తిరిగి చూసుకుంటే

ఇలాంటి ఫిర్యాదు వస్తే ఇప్పుడు ముందు రాయినే ముట్టుకుంటున్నాను, ప్లగ్ పీకేసి. ఉలి సంగతి తర్వాత. డ్రెస్సర్ లేని గ్రైండర్ కనపడితే మిగతా ప్రశ్నలు అడగను కూడా, ముందు అది కొనమంటాను. ఒక ఉలి ఖర్చు కూడా కాదది.

జిగ్ విషయంలో నాది ఇంకో రకం తప్పు. సరైన పనిముట్టునే తెచ్చాను, కానీ ఎవరి చేతికి, ఏ ఉలికి, ఏ కూలి లెక్కకి అన్నది చూసుకోలేదు. టూల్‌రూమ్‌లో నెల జీతానికి పని చేసినవాణ్ణి కాబట్టి ఐదు నిమిషాలు నాకు ఐదు నిమిషాల్లాగే కనపడ్డాయి. పెద్దాయన్ని మొదటిరోజే అడిగి ఉంటే నెలన్నర కలిసొచ్చేది. క్యూలో లేని మనిషిని ఎవరూ అడగరు, ఫిర్యాదు చేసేది క్యూలో ఉన్నవాళ్లే కదా.

గ్రైండర్ ఇప్పుడు షెడ్ లోపలికి మారింది. అల్యూమినియం వాడికి ఇంకో పాత గ్రైండర్ బయట పెట్టిచ్చారు. తాళం వేసి పొమ్మంటే ఊళ్లో మాట పడాల్సి వస్తుందని ఆవిడే ఈ దారి చూసుకుంది.

తేలనిది ఒకటుంది. భరిణె లోపలి గుంట తీసే కొక్కెం ఉలి. దాని వాదర లోపలి వంపులో ఉంటుంది, ఆరంగుళాల రాయి అక్కడికి దూరదు. సన్న గుండ్రటి సానకడ్డీతో నూరుతున్నాం, నిలవట్లేదు, పది భరిణెలకే పోతోంది. పెద్దాయన దగ్గరున్నది ఎందుకు నిలుస్తోందో ఆయనకూ తెలీదు. కమ్మరి టెంపర్ చేసిన తీరులోనే ఏదో ఉంది. ఆకురాయితో గీస్తే నా ఆకురాయే అరుగుతోంది. పక్క మండలంలో ఇంకా కొలిమి నడిపే కమ్మరి ఒకాయన ఉన్నాడని తెలిసింది. పాత లారీ కమాను పట్టీ ముక్క ఒకటి సంపాదించి పెట్టాను, వచ్చే వారం పెద్దాయన్ని వెంటబెట్టుకుని వెళ్తున్నాను.